గరప దారి

నైట్ షిఫ్టు దిగి
ఇంటికి పోకుండా యారాడ ఘాటీ ఎక్కాను.
మూడో మలుపులో తారు వదిలేసి
పొట్టేలు కొమ్ముల హ్యాండిల్ని
జీడితోటల్లోకి తిప్పాను.

టైరు కింద గరప
వేరుశెనక్కాయలు ఒలుస్తున్న చప్పుడు.
పళ్లు బిగించి గేరు మార్చాను,
మళ్లీ మార్చబోతే
ఇంక గేరు లేదు.

ఎండుపుల్లల మోపుతో ఎదురొచ్చిన ముసలమ్మ
ఆగి మరీ అడిగింది:
"ఏటి బావూ, సైకిలు నిన్ను మోస్తందా,
నువ్వే దాన్ని మోస్తన్నావా?"
నవ్వడానికి ఊపిరి చాల్లేదు.

గట్టు మీద కాలు ఆన్చాను.
ఎడంపక్క హార్బరు.
రాత్రంతా నేను క్రేనుతో తవ్విపోసిన
ఇనపమట్టి గుట్ట
ఇక్కణ్నుంచి చిటికెడు ముక్కుపొడి.
కుడిపక్క సముద్రం,
ఎవరి లోడూ కాని నీలం.

దిగేటప్పుడు
నేను బ్రేకుని నమ్మాను,
గరప నన్ను నమ్మలేదు.

మోచెయ్యికి పసుపద్దింది పైడమ్మ.
అరచేతిలో దిగబడ్డ ఎర్రరాయిని
సూదితో తీస్తానంది.
ఉండనీ అన్నాను.

రాత్రి రెండింటికి
లీవరు పట్టుకుని కునికినప్పుడు
గ్లవ్సు లోపల
ఆ కొండ
కాస్త గుచ్చుకోవాలి.