గాలి ఖర్చు

గారలో కొన్న రెండొందల పేజీల నోటుబుక్కు.
మొదటి పేజీలో పోలారావు "దీవి" అని రాసి
కింద గీత గీశాడు. అది వంకరపోయింది.
కళింగపట్నంలో సాయంత్రం పూట
ఏ కాగితమూ కుదురుగా కూర్చోదు.
దీపస్తంభం దగ్గరి సిమెంటు బల్ల మీద
పుస్తకంపై నా ఫోను, ఫోను పక్కన టీ గ్లాసు,
అయినా మూల లేస్తూనే ఉంది.

ఆ దీవి పేరు మా నోటికి తిరగదు.
ఒకప్పుడు నిప్పు కక్కిన కొండ,
ఇప్పుడు నల్ల ఇసుక.
చెట్టు లేదు, చేను లేదు, ఉన్నదల్లా గాలి.
జూన్ నుంచి ఆగస్టు దాకా
ఒకే దిక్కు నుంచి, ఉద్యోగానికి వచ్చినట్టు వస్తుందట.

పోలారావు రామేశ్వరంలో రెండేళ్లు
పరాయివాళ్ల గాలిపటాలకు పంపు కొట్టాడు,
తాళ్ల చిక్కులు తీశాడు,
వాళ్లు భోజనాలకెళ్లిన గంటలో
నీటి మీద నిలబడటం నేర్చుకున్నాడు.
నేను వాతావరణ కేంద్రంలో గాలిని రాసేవాణ్ణి.
మూడు గంటలకోసారి దిక్కు, వేగం, సంతకం.
పదకొండేళ్లు రాశాను.
ఒక్కసారీ ఎక్కలేదు.

పన్నెండు నాట్లకి పెద్ద పటం, ఇరవై దాటితే చిన్నది.
(నాట్లంటే వరినాట్లేనా అని అడిగిన వాళ్లున్నారు.)
చెక్క అక్కడే అద్దెకి.
విమానంలో సామాను ఇరవై మూడు కిలోలు,
అందుకని చిన్న పటాన్ని, అతుకులతో సహా,
దాలమ్మ చేపల కాటా మీద తూచాం.
నాలుగు కిలోల ముప్పావు.
"ఏం చేపరా ఇది?" అంది పొలుసు చేతుల్తోనే తడిమి.

పాస్‌పోర్టు విచారణకొచ్చిన హెడ్డుగారు
"ఏ పని మీద?" అన్నాడు.
"గాలి కోసమండి" అన్నాడు పోలారావు.
ఆయన కాసేపు వాణ్ణి చూసి, కాసేపు సముద్రాన్ని చూసి
"పర్యాటకం" అని రాసుకున్నాడు.

దాలమ్మ పోలారావుకి మేనత్త. పుట్టిల్లు ఉద్దానం.
"డబ్బులెట్టి గాలి కాడికెల్తారేట్రా?
మా కాడికైతే పిలవకుండానే వచ్చింది గదా."
తిత్లీ మర్నాడు ఆమె జీడితోట
వేళ్లు పైకి పెట్టుకుని పడుకుంది.
కొబ్బరిచెట్లన్నీ ఒక్క పక్కకే,
ఎవరో దువ్వెన పెట్టి దువ్వినట్టు.

ఆ రాత్రి డ్యూటీ నాది.
రిజిస్టరులో ఆ తేదీన కొన్ని గడులు ఖాళీ.
యంత్రం చెప్పలేకపోయిందని పైకి రాశాను.
చెప్పిందో లేదో నాకు తెలీదు.
నేను బల్ల కింద ఉన్నాను.

ఇదంతా దాలమ్మకి చెప్పలేదు.
ఆమే ఇంకోటి అడిగింది:
"ఆ దీవి గాలికి పేరేటి?
మనకి పైరగాలుంది, కొండగాలుంది, ఈదురుగాలుంది."
చిన్నప్పటి సోషలు పాఠం గుర్తొచ్చింది.
"వ్యాపార పవనాలు" అన్నాను.
"వేపారమా!" కాటా గిన్నె కదిలేలా నవ్వింది.
"అందుకేనా లచ్చలడుగుతంది!"

ఆదివారం పోలారావు ఇసుకలో నిలబెట్టి
పటం పట్టీ ఆమె చేతికిచ్చాడు.
వెనక నుంచి నడుం పట్టుకున్నాడు.
పటం లేచింది.
దాలమ్మ మడమలు రెండు కాలవలు గీశాయి తడి ఇసుకలో.
కళ్లు గట్టిగా మూసుకుని, పళ్లు బిగించి,
ఎవర్నో జుట్టు పట్టి ఆపుతున్నట్టు లాగింది.
వదిలెయ్యత్తా అంటే వదల్లేదు.
చాలాసేపటికి దిగాక
అరచేతులు చూసుకుని "బరువుందిరా" అంది. అంతే.

మూడో పేజీలో ఖర్చు కూడాం.
లక్షా పన్నెండు వేలు తక్కువ.
ఈ జూన్ కాదు. వచ్చే జూన్ కూడా
పోలారావు పడవ వాటా తేలితేనే.
వాడు కొట్టేసి మళ్లీ కూడుతున్నాడు,
కూడిన ప్రతిసారీ ఇంకో అంకె వస్తోంది.

ఐదున్నర రీడింగుకి నేను లేచాను.
నైరుతి. పదహారు.
సంతకం చెయ్యబోతూ చూస్తే
పెన్ను పట్టిన వేళ్లకి ఇసుక.