ఉంది, లేదు

వాల్థం లైబ్రరీలో మెట్ల కింది గది.
శనివారం పదిన్నర.
అంతరిక్షాన్ని గెలిచిన ఆడవాళ్ల బొమ్మ గీయమంటే
తొమ్మిది మంది పిల్లలూ
తొమ్మిది హెల్మెట్లు గీశారు.

మిసెస్ థెరియో బిస్కెట్ డబ్బా మూత తీసింది.
లోపల రాగి తీగ, ధనియాల గింజంత ఉంగరాలు,
మొన అరిగిన సూది.
తొంభై ఒకటో ఏట కూడా
ఆ వేళ్లకు కళ్లజోడు అక్కర్లేదు.

"తీగ ఉంగరంలోంచి పోతే, ఉంది.
పక్కనుంచి పోతే, లేదు.
అంతే. చంద్రుడి దాకా దారి
ఈ రెండు మాటల్లోనే చెప్పాం."

గడియారాల ఫ్యాక్టరీ నుంచీ, బట్టల మిల్లు నుంచీ వచ్చినవాళ్లు
బల్లకు అటొకరు ఇటొకరు కూచుని
వారాల తరబడి నేసిన జ్ఞాపకం అది.
మంగళగిరి మగ్గం చప్పుడులో పెరిగాను,
నాకిది కొత్త భాష కాదు.
పోగు తప్పితే చీరకు మడతలో దాచొచ్చు.
నౌకకు మడతలుండవు.

నకాటో అడిగింది, "మరి మీరు వెళ్లారా?"
"ఎక్కడికమ్మా? బస్సెక్కి ఇంటికి.
వాళ్లు దిగిన రాత్రి
ఇస్త్రీ చేస్తూ చేస్తూ కునికాను.
చొక్కా కాలింది."

పిల్లలు చంద్రుణ్ణి వదిలేసి
ఆ చొక్కా పట్టుకున్నారు:
ఏ రంగు? ఎవరిది? తిట్టారా?
నా పాఠం ఇంకా రెండు పేజీలుంది,
సంచిలోనే ఉండిపోయింది.

అందరూ వెళ్లాక కుర్చీలు సర్దుతుంటే
బల్ల కింద నకాటో కాగితం.
హెల్మెట్ కొట్టేసి
పక్కన రెండు చేతులు గీసింది,
ఒకదానికి ఆరు వేళ్లు.

దిద్దలేదు.