శివారుకెంత?

జూలై ముప్పై. గవర్నరుపేటలో ఆడిటరు గారి మెట్ల మీద
చెప్పులు విడవడానికి చోటు లేదు.
శేషగిరి గారు కళ్ళద్దాలు నుదుటికెత్తి
"ఇరవై మూడు వేల నాలుగొందలమ్మా,
జీతంలోనే కోసేశారు" అన్నారు.
కోయడమన్న మాట ఆయన రోజుకెన్నిసార్లంటారో,
ఎక్కడా నెత్తురు కనపడదు.

కృష్ణలంక వచ్చి ఫ్యాను కింద
దాచిన బడ్జెట్ పేపరు పరిచాను.
రూపాయి రాక, రూపాయి పోక.
నాణేన్ని దిబ్బరొట్టెలా ముక్కలు కోసి
ముక్కకో రంగు పూసిన బొమ్మ.
నేను ఏ రంగులో ఉన్నానో వెతుక్కుంటుంటే
నాన్న వచ్చి పక్కన చతికిలబడ్డాడు.

నాంచారయ్య, రిటైరైన లస్కరు.
ముప్పై ఒక్కేళ్ళు తూముల మీద షట్టరు చక్రం తిప్పాడు.
ఇప్పటికీ టీ గ్లాసు పట్టుకున్నా
వేళ్ళు చక్రం కోసమే వంగుతాయి.

"చదువు" అన్నాడు.

వడ్డీలకి ఇరవై పైసలు.
"అది ఇంకుడు. నీళ్ళు వదలగానే
ముందు కాలవ అడుగే తాగుద్ది.
ఎండిన కాలవని తిట్టి లాభం లేదు. తర్వాత?"

రాష్ట్రాల వాటా ఇరవై రెండు.
"బ్రాంచి కాలవ. అక్కడ ఇంకో లస్కరుంటాడు,
వాడికీ చుట్టాలుంటారు."

సైన్యానికి ఎనిమిది.
ఏమీ అనలేదు.

సబ్సిడీలకి ఆరు.
"మన కార్డు బియ్యం ఇందులోదేనా?"
నేను పన్ను కట్టే మనిషినయ్యాక కార్డు తీసేశారుగా, అన్నాను.
"పోనీలే. మన మడి తడిశాక
పక్క మడికి గండి పెట్టాలి కదా."

పింఛన్లకి నాలుగు.
కాగితం మీదకి వంగాడు. "ఇందులో నేనున్నానా?"
లేవు నాన్నా, నువ్వు రాష్ట్రం ముక్కలో
ఎక్కడో ఉంటావు.
ఆ ముక్క మీద వేలు పెట్టి కాసేపు ఉంచాడు,
గ్రూపు ఫోటోలో తన మొహం దొరికినట్టు.

మిగతావి చదివాను. నూరు పైసలూ అయిపోయాయి.
"మరి శివారుకెంత?"
అలాంటి ముక్క లేదన్నాను.

నవ్వాడు. అవనిగడ్డ అవతల పనిచేసేటప్పుడు
వంతుల వారీగా నీళ్ళిస్తున్న ఏడాది
తెల్లారుజామున ఒకామె గట్టెంట నడిచొచ్చిందట.
దేన్నీ అడగలేదట. నిజంగా వదిలారో లేదో
చూసి పోదామని వచ్చానందట.
నాన్న రిజిస్టరు తీసి చూపించాడు:
మూడడుగులు, సంతకం, ఏ.ఇ. గారి ముద్ర.
"కాగితం మీద తడిసింది బాబూ,
మళ్ళో తడవలా" అందట.

ఆ వంతు రెండు గంటలు ఎక్కువ వదిలాడు.
మెమో వచ్చింది. ఇంక్రిమెంటు ఆగింది.
ఆ సంవత్సరం నాకు బడి బూట్లు కొనలేదు,
ఎందుకో ఇప్పుడు తెలిసింది.

"ఆమెకి నీళ్ళందాయా?"
"ఏమో. నన్ను ఇంకో తూముకి మార్చారు."

కాగితం మడిచి బీరువాలో పెట్టాను.
ఎవరైనా అడిగితే చూపించడానికి
నా దగ్గరా ముద్ర ఉన్న కాగితమే ఉంది.

పొద్దున్నే అయిదున్నరకి కార్పొరేషన్ కుళాయి.
మాది సందులో ఆఖరి ఇల్లు.
సందు మొదట్లో బిందెల చప్పుడు అయ్యాక
చాలాసేపటికి గానీ మా వంతు రాదు.
నాన్న గొట్టానికి చెవి ఆనించి కూర్చున్నాడు,
చేతిలో ఖాళీ బిందె.

ముందు గాలొచ్చింది.