మొగ

గదిలో లైటు తీసేస్తాను.
ఏడురోడ్ల జంక్షన్ హారన్లు మాత్రం
తలుపు కింద నుంచి వస్తూనే ఉంటాయి.
ఎడమ పక్కకి తిరుగమ్మా, చెయ్యి తలకింద పెట్టుకో.
ఇవాళ ఈ మాట పద్దెనిమిదోసారి
సూరాడ రాజులమ్మతో అన్నాను.
వయసు ముప్పై తొమ్మిది, ఊరు బందరువానిపేట.
తట్ట కింద వాచ్‌మన్ దగ్గర వదిలొచ్చింది.
వాసన ఆమెతోనే మెట్లెక్కింది.
ఆమె దానికి సిగ్గుపడలేదు,
నేను కిటికీ తియ్యలేదు.

జెల్ రాస్తే,
"ఒలమ్మ, ఐసుపెట్టెలో ఎట్టీసినట్టుంది!" అంది.

చెవికందని శబ్దాన్ని లోపలికి పంపుతాను.
ఎముక దాన్ని ఆపేస్తుంది,
గాలి చెదరగొట్టేస్తుంది.
పక్కటెముకల నడుమ వేలెడు సందు దొరికితే
అందులోంచి దూరి, తగిలి, తిరిగొస్తుంది.
తిరిగొచ్చిందే బొమ్మ.
నెత్తురు నల్లగా కనిపించే చోటు
నాకు తెలిసి ఇదొక్కటే.

నిలువుకోతలో కవాటం ముందు రేకు
మోకాలు ముడుచుకున్నట్టు వంగి ఉంది.
"చిన్నప్పుడు కీళ్లు వాచాయా?"
"ఏడో తరగతిలో. ముందు గొంతు నొప్పి,
ఎనకాల మోకాళ్లు బూరెల్లాగ పొంగిపోనాయి.
బడి అప్పుడే మానీసినాను."
ఇంకేమీ అడగలేదు నేను.

మణికట్టు తిప్పితే అడ్డకోత.
రెండు రేకులూ అంచుల్లో అతుక్కుపోయి
మధ్యలో మాత్రం తెరుచుకుంటూ, మూసుకుంటూ.
విశాఖలో మా మాస్టారు దీన్ని చేపనోరు అనేవారు.
అదే రాసి మార్కులు తెచ్చుకున్నాను,
గుడ్డు కూడా ఎరగని ఇంట్లో పుట్టి,
ఒక్క చేప నోరయినా చూడకుండానే.

రాజులమ్మ మొహం తెర వైపే ఉంది.
"ఇదేటమ్మా, కానాగంత నోరు!
వల్లోంచి తీసి గంటయిన కానాగంత.
బతికున్నట్టే ఉంటాది గానీ..."
అక్కడ ఆపేసింది.
బేరం మధ్యలో ఆపినట్టు కాదు.

డాక్టరు గారు చెప్తారు, అనాలి నేను.
మాకు నేర్పిన వాక్యం అదొక్కటే.
అనకుండా రంగులు వేశాను:
వచ్చే నెత్తురు ఎరుపు, పోయే నెత్తురు నీలం.
ఆమెకి రెండూ కలిసి, పసుపు చిమ్ముకుంటూ
నిప్పురవ్వల్లా ఒక్క సన్నటి దారిలో.
శబ్దం మీట నొక్కాను.
స్పీకర్లో ఒరుసుకుంటూ పారే నీళ్లు.

"మా మొగ" అంది వెంటనే.
వంశధార సముద్రంలో కలిసే చోటట.
"ఇసక మేటేసి సన్నబడిపోతే
నీళ్లు ఇలాగే అరుస్తాయి.
పడవలు లోపలే ఉండిపోతాయి.
చెప్పమ్మా. పూడిపోనాదా?"

బొమ్మని ఆపి, నోటి అంచు వెంట
చుక్క చుక్కగా గీత గీశాను.
నాలుగు చదరపు సెంటీమీటర్లకి తగ్గకూడనిది
ఒకటి కూడా లేదు.
చింతగింజ దూరుతుంది, అంతే.
దీంట్లోంచే రోజూ నెత్తురు తోసుకుంటూ
ముప్పై కిలోల తట్ట నెత్తినెట్టుకుని
గార దాకా నడిచిందీమె.

"పూర్తిగా కాదు" అన్నాను.
"మావోళ్లు గునపాలట్టుకెళ్లి తవ్వుతారు.
మీరు దేంతో తవ్వుతారు?"
"బుడగతో."
నోరు జారింది. డాక్టరు గారు చెప్పాల్సిన మాట.
"బుడగా?
తీర్తంలో రూపాయికి అమ్ముతారు, ఆ బుడగేనా?"
"అలాంటిదే. మడిచి పంపి, లోపల ఊదుతారు."

అప్పుడు నవ్వింది రాజులమ్మ.
పొట్ట అదిరింది, పక్కటెముకలు కదిలాయి,
ఊపిరితిత్తి ఉబ్బి అడ్డం వచ్చి
గుండె తెర మీంచి మాయమయింది.
అంతా తెల్లటి పొగ.
వైరు ఒకటి ఊడి మంచం కింద పడింది.

కదలకమ్మా, అన్నాను.
ఇంకా మూడు కొలతలున్నాయి,
బయట తొమ్మిది మంది కూర్చున్నారు.
సందు కోసం వేళ్లతో తడుముకుంటున్నాను.
"రూపాయి బుడగ" అని
మళ్లీ మొదలెట్టింది.