ఉప్పు తీసిన నీళ్ళు

పగలంతా దస్తగిరి ఉప్పు తీసిన నీళ్ళు తోల్తాడు.
సముద్రాన్ని కాచి వడగట్టిన నీళ్ళు.
షువైఖ్‌లో ట్యాంకరు నింపుకుని
జలీబ్ సందుల్లో మిద్దెల మీది తొట్లకు ఎక్కిస్తాడు.
రాత్రయితే మళ్ళీ ఉప్పు దగ్గరికే పోతాడు.

మిల్హ్ అంటే అరబ్బీలో ఉప్పేనంట.
టైర్ల కొట్టు మీద రెండంతస్తుల రికార్డు కంపెనీ.
మస్కట్ నుంచి మనామా దాకా
కుర్రోళ్ళ టీషర్టుల మీద దాని పేరే.
దానికి పెద్ద బూ గానిం.
అతని దరువు మోగకుండా
గల్ఫులో ఏ కారూ సిగ్నల్ దాటదని చెప్పుకుంటారు.

మావాడు అతని కంట పడింది పాటతో కాదు.
నీళ్ళ స్టేషన్ వరసలో నిలబడి
ఖాళీ ట్యాంకరు పొట్ట మీద అరచేత్తో బాదుతూ
ఫోర్‌మన్‌ను తిడుతున్నాడు, రాయచోటి యాసలో, ప్రాస తప్పకుండా.
పక్కన కారు అద్దం దిగింది.
మళ్ళీ తిట్టు, అన్నాడంట బూ గానిం.
అర్థమేందని ఈ పొద్దుకూ అడగలా.

మొదటి పాటకు ట్యాంకరునే స్టూడియో కిందికి తోలించుకున్నాడు.
పైమూత తీసి మైకు దించాడు
బావిలోకి చేద దించినట్టు.
వైరు పట్టుకున్నది నేనే, కింద బంకు వాణ్ణి గదా.
నా దగ్గు కూడా పడిందందులో,
రెండో నిమిషం దాటినాక, వినే చెవుంటే.

రెండో పాటలో మావాడి ముప్పై రెండు లైన్లు ఎనిమిదయ్యాయి.
మిగిలిన చోటంతా
బహ్రెయిన్ పిలగాడొకడు వాచీల గురించి పాడుకున్నాడు.
"కూరలో ఎక్కువైతే తీసేయరా అన్నా"
అన్నాడు దస్తగిరి, ఖుబూస్ తుంచుతూ.
నేను పప్పు వైపు చూస్తా కూర్చున్నా.

మూడోదానికి పేరే కోసేశారు.
గిరి పోయింది, దస్త్ మిగిలింది,
పోస్టరెక్కేసరికి అది డస్ట్ అయింది.
"మేలేలే, దుమారం లేసినప్పుడల్లా
ఊరంతా నన్నే తలుచుకుంటుంది."
అగ్రిమెంటు పదకొండు పేజీలు.
సిమ్‌కార్డుకు పెట్టినట్టు పెట్టేశాడు సంతకం.

డబ్బులియ్యలేదని నేననను.
ఇచ్చారు. దాంతో అకామా కట్టాడు,
నా పన్ను పీకించాడు, ఇరవై దీనార్లు,
వాళ్ళక్క కుట్టుమిషన్లకు మోటర్లు పెట్టించుకుంది.
నిన్ను నంజుకు తింటున్నార్రా, అన్నాను ఒక రాత్రి.
పై బంకు నుంచి కాలొకటి వేలాడింది.
"అయితే ఉప్పు తిన్నది ఎవరన్నా,
నేనా, వాళ్ళా?"
ఆ మాట మీద నాకు నిద్ర పట్టలా.
వాడు మాత్రం గురక పెట్టాడు, తాళం తప్పకుండా.

మొన్న నాలుగో రింగురోడ్డు సిగ్నల్లో
వెండిరంగు కారొకటి మా పక్కన ఆగింది.
అద్దాలు అదురుతున్నాయి. మొదటి పాటే.
ఇస్త్రీ చెదరని దిష్దాషాలో ఒక కుర్రోడు
స్టీరింగు మీద వేళ్ళు ఆడిస్తా
మా రాయచోటి బూతును భక్తిగా వల్లిస్తున్నాడు,
ళ పలకలేక ల అంటా.

దస్తగిరి తల తిప్పలేదు.
చెయ్యి బయటికి చాపి ట్యాంకరు మీద కొట్టి చూశాడు.
నిండుగా ఉంది, మోగలేదు.
"ఉండన్నా" అన్నాడు, "ఇప్పుడు నువ్వొస్తావు."
ఇద్దరం ఊపిరి బిగబట్టాం.

నేను రాకముందే పచ్చలైటు పడింది.