అంకె పక్కన ఖాళీ

గార్బట్ శుక్రవారం రిటైరయ్యాడు.
కోసిన కేకులో మిగిలిన మూల
కంట్రోల్ రూమ్ ఫ్రిజ్‌లో ఇంకా గట్టిపడుతూనే ఉంది.
అతని చేతిరాత మాత్రం ఈ రాత్రి డ్యూటీకొచ్చింది:
"తెల్లారేలోపు నత్రజని 1260కి తీసుకెళ్ళాలి."

అంతే.
1260 పక్కన ఏమీ లేదు.
తాడూ బొంగరం లేని అంకె.

బయట టీస్ నది నోట్లో సముద్రపు మంచు.
సీల్ సాండ్స్ బురద మీద సీళ్ళు
తడి గోనెసంచుల్లా పడుకుని ఉంటాయి, కనబడవు.
బిల్లింగ్‌హామ్ దీపాలు ఉన్నట్టే ఉండి లేవు.

నా ముందున్న తెర కిలోమోళ్ళలో మాట్లాడుతుంది, గంటకి ఇన్నని.
పాత కంప్రెసర్ ఒంటి మీది ఇత్తడి రేకు
పౌండుమోళ్ళంటుంది, అదీ గంటకే.
హెడ్డాఫీసు రిపోర్టుకి సెకనుకి మోళ్ళు కావాలి.
ఒకటే గాలి, ఒకటే గొట్టం,
మూడిళ్ళలో మూడు ముద్దుపేర్లు.

మౌస్ మీద చెయ్యేసి ఆగాను.
హైడ్రోజన్ పదిహేడువందల పద్నాలుగు దగ్గర కుదురుగా ఉంది.
అది మూడు పాళ్ళయితే ఇది ఒక పాలు,
అమ్మోనియా దగ్గర ఇంకో పొత్తు చెల్లదు.
మూడో వంతంటే ఐదువందల డెబ్బై ఒకటి.
మరి ఈ పన్నెండువందల అరవై ఎక్కడిది?

అతను సొరుగులో వదిలేసిన గుర్రప్పందెం చీటీ
తిరగేసి, వెనక వేశాను:
ఒక పౌండుమోలుకి నాలుగువందల యాభైమూడున్నర మోళ్ళు,
పైన చిటికెడు కొసరు.
గుణించి, వెయ్యితో భాగిస్తే
ఐదువందల డెబ్బై ఒకటిన్నర.
దొరికావ్.

సెకన్లలోకి దించితే నూట యాభై ఎనిమిదీ ముప్పావు మోళ్ళు.
ఊరికే, నిద్ర ఆపుకోడానికి,
ఘడియల్లోకి కూడా మార్చాను.
ఇరవై నాలుగు నిమిషాల ఘడియకి
రెండువందల ఇరవై ఎనిమిదిన్నర కిలోమోళ్ళు.
ఏ ఇత్తడి రేకూ ఇలా చెప్పదు.
గొట్టంలో గాలి మాత్రం అభ్యంతరం పెట్టలేదు.

సామర్లకోటలో శేషావతారం మాస్టారు
జవాబు ఒప్పయినా ప్రమాణం రాయకపోతే సున్నా వేసేవారు.
"ప్రమాణం చెయ్యకుండా సాక్ష్యం చెప్తావుట్రా?" అని
ఆడపిల్లల్ని కూడా రా అనే అరిచేవారు.
మాటతో ఆడుకుంటున్నారని నవ్వాం.
ఆ నవ్వుకి నాకు ఆరు మార్కులు.

లెక్క తేలింది. అయినా ఫోన్ చేశాను.
మూడుంబావు.
తేలిన లెక్క కూడా ఒక మనిషి నోట వినాలనిపిస్తుంది.
మొదటి రింగుకే ఎత్తాడు.
నలభై ఏళ్ళ నైట్ షిఫ్టు నాలుగు రోజుల్లో ఒంట్లోంచి దిగదు.
వెనక కెటిల్ మరుగుతోంది.

"ఈ పన్నెండువందల అరవై, పౌండ్లా కిలోలా?"
"రాయలేదా?"
"లేదు."
కెటిల్ టక్కున ఆగింది.
"పౌండ్లే. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదమ్మాయ్."

ఎందుకడుగుతారు?
ఆ ఖాళీలో తనే కూర్చుని ఉన్నాడు ఇన్నాళ్ళూ.
ఈ మాట అతనికి చెప్పలేదు.
ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించి
వాల్వు తెరవడం మొదలెట్టాను, పదేసి చొప్పున,
మధ్యలో ఆగి, ఒత్తిడి చూసుకుంటూ.
అతను ఫోను పెట్టెయ్యలేదు.
కప్పులో చెంచా తిప్పుతున్నాడు.

"తెల్లవారుజామున లెక్కపెట్టేవాణ్ణి, కిటికీలోంచి" అన్నాడు.
"ఏమిటి?"
"పోయిన వారం పద్దెనిమిది" అన్నాడు.
ఒక గుక్క తాగాడు.
"సీళ్ళు" అన్నాడు.