పిన్నీసు

ఈ దీవికి పటంలో పేరు లేదు, అంకె ఉంది.
మా మేనత్త మియాలియా మాత్రం
ఈకలచోటు అంటుంది.
హడ్సన్ జలసంధిలో మంచు విరిగాక
పడవనిండా ఖాళీ సంచులతో వచ్చి
పిల్లలు లేచిపోయిన గూళ్లలోంచి
ఈడర్ బాతుల రొమ్ము ఈకలు ఏరుకుపోయేది.

ఆ బాతు ఇరవై ఆరు రోజులు తిండి ముట్టదు.
తన ఈకలు తానే పీకి పరుచుకుని
పాచిరంగు గుడ్లమీద బండరాయిలా కూర్చుంటుంది.
దాహానికి మాత్రం లేస్తుంది,
గుడ్లమీదికి ఈకల దుప్పటి లాగి,
ఆ కుంటదాకా.

కుంటలోనే ఉందది.

మొదటి ఏడు తొమ్మిది.
మరుసటి ఏడు రెండొందల పన్నెండు.
మూడో ఏడు తాడు పట్టుకుని నడిచాం,
తాడుకి అటువైపువి ఓడీల్ లెక్క, ఇటువైపువి నా లెక్క.
కూర్చున్నవి కూర్చున్నట్టే పోయాయి.
పొద్దున నన్ను పొడవబోయినది
మధ్యాహ్నానికి మెడ వెనక్కి వాల్చేసింది.
చెయ్యి పెట్టి చూశాను.
కింద గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.
ఆ సంగతి రాయడానికి కాగితంలో గడి లేదు.

ఓడీల్ డేరాలో ఒక బల్ల, ఒక మైక్రోస్కోపు,
తెల్ల ఎలుగు వస్తే ఒక తుపాకి.
కడుపు కోసి కార్జం చూపించింది,
నూక చల్లినట్టు సన్నటి తెల్ల చుక్కలు.
యాభై ఏళ్లుగా బాతుల్ని కోసిన మేనత్త
చాకు కింద పెట్టేసింది.
"ఈ కార్జాన్ని నేనెరగను" అంది.

అద్దంమీద ఒక నెత్తుటి బొట్టు పూసి, నీలిరంగు పోసి, కడిగి
"చూడు" అంది ఓడీల్.
రెండు కొసలా ముదురు నీలం, నడుమ ఖాళీ.
"పిన్నీసులా ఉంటుందంటారు మావాళ్లు."
మేనత్త చాలాసేపు వంగి చూసింది.
తన టోపీ గొంతు దగ్గరి పిన్నీసు తీసి
అద్దం పక్కన పెట్టింది.
"ఇది దేన్ని దేనికి కలుపుతోంది?"

ఓడీల్ వెంటనే జవాబు చెప్పలేదు.
దక్షిణాన కోళ్ల షెడ్లలో ఇలాంటిదే ఉందట.
అన్నదమ్ముల బిడ్డలంత దగ్గర కాదు,
ఒక ఊరివాళ్లంత దూరమూ కాదు.
చలికాలపు నీళ్లలో ఎవరు ఎవరికి అంటించారో,
బాతా, కోడా, మధ్యలో ఇంకేదైనానా,
ఇంకా తేలలేదు.
తేలకపోవచ్చు కూడా.

నాలుగో ఏడు
ఒకటి తిరిగొచ్చింది.
కాలికి ఉంగరం, ఉంగరం మీద అంకె,
ముందటి ఏడు చచ్చినవాటి నడుమ కూర్చున్నదే.
నెత్తురు తీసి చూస్తే
ఆ జబ్బుతో పోట్లాడిన ఆనవాళ్లు ఉన్నాయి.
నేను ఎగిరి గంతేశాను.
ఓడీల్ నవ్వలేదు.
"బతికినదే మోసుకొస్తుందేమో, టివీ.
దాన్ని గమనిస్తూ ఉండాలి."

మేనత్త అప్పుడు చెప్పింది,
ఎప్పుడూ చెప్పనిది, టీ చల్లారుతుండగా.
ఓడ వచ్చిందట, రొమ్ము ఫోటో తీసే ఓడ.
ఊపిరితిత్తుల్లో మచ్చ కనిపించినవాళ్లని
ఒడ్డుకి దిగనివ్వలేదు, బిడ్డకి చెప్పిరానివ్వలేదు.
అమ్మ మెడలోనూ ఒక బిళ్ల, బిళ్లమీద అంకె.
నాలుగేళ్లకి తిరిగొచ్చింది మా భాష సగం మరిచి.
"అందరూ ఆమె కప్పుని వేరేగా పెట్టారు.
నేను మాత్రం దాంట్లోనే తాగేదాన్ని."

ఎవరం ఏమీ అనలేదు.
గాలికి డేరా కొట్టుకుంటోంది.

ఈ ఏడు ఈకలు ఏరొద్దంది ఓడీల్, మొహమాటంగా.
శీతాకాలం మా చెల్లెలికి కాన్పు,
కోటు సగం కుట్టి ఉంది.
మేనత్త వాదించలేదు.
ఖాళీ సంచులు మడిచి
గడ్డంకింద పిన్నీసు పెట్టుకుని
పడవవైపు నడిచింది.

ఉంగరం బాతు అప్పుడే లేచింది
గుడ్లమీద ఈకలు సర్దుకుని.
కాగితం తీశాను.
అంకె, వేళ, కుంటకి దూరం.
అది నీళ్లలోకి ముక్కు వంచింది, తల ఎత్తింది,
మళ్లీ వంచింది.